వాడుకలో లేని నంబరు

మా బాబాయి కొన్న సిమ్ కార్డు కవరు మీద ‘జీవితాంతం ఇన్‌కమింగ్ ఉచితం’ అని ఉంది. ఎవరి జీవితమో రాయలేదు. కవరు మీద తెల్లబట్టలు కట్టుకున్న ఒక కుటుంబం పచ్చికలో కూర్చుని నవ్వుతోంది. బహుశా వాళ్ల జీవితం అయ్యుంటుంది. మాది కాదని తెలియడానికి మాకు కొంతకాలం పట్టింది.

రెండు వేల సంవత్సరం దాటాక, సెల్‌ఫోను రైసుమిల్లు యజమానుల చొక్కా జేబుల్లోంచి కూలీల లుంగీ మడతల్లోకి దిగివచ్చిన రోజులవి. బాబాయి రాజోలు చుట్టుపక్కల తోటల్లో దింపు తీసేవాడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు కోసి కిందికి దించేవాడు. పిన్ని, మా అమ్మకి చెల్లెలు, మస్కట్‌లో ఒకరింట్లో పనికి వెళ్లింది. తాటాకింటి స్థానంలో స్లాబు ఇల్లు లేవాలన్నది ఆవిడ పట్టుదల. లేచింది కూడా. ఆ స్లాబు కింద బాబాయి ఒక్కడూ పడుకునేవాడు. అమ్మా నేనూ పక్కింట్లోనే ఉండేవాళ్లం. నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నాను అంటే, బస్సులో వెళ్లి వస్తున్నాను అని.

ఆ సెల్‌ఫోనుకి ఉన్న ఉద్యోగం ఒక్కటే, శుక్రవారం మధ్యాహ్నం మోగడం. పిన్ని పనిచేసే ఇంట్లో మగవాళ్లు నమాజుకి వెళ్లి, ఆడవాళ్లు నడుం వాల్చే వేళలో, ఆ ఇంటి కారు డ్రైవరు తన ఫోను ఆవిడ చేతికిచ్చేవాడు. ఆయన మలయాళీ. మిస్డ్ కాల్‌కైతే ఇస్తాను, మాట్లాడటానికైతే ఇవ్వను అన్నది ఆయన షరతు. ఆయనని తప్పుపట్టను, ఆయనా మనలాంటివాడే. కాబట్టి ఒకసారి మోగి ఆగితే పిన్ని బాగుంది. వెంటవెంటనే రెండుసార్లు మోగి ఆగితే కష్టం వచ్చింది, వెంటనే ఆవిణ్ణి పంపించిన ఏజెంటు దగ్గరికి వెళ్లాలి. పిన్ని విమానం ఎక్కేముందే ఈ ఏర్పాటు చేసి, ఎక్కాల్లాగా మా అందరి చేతా అప్పజెప్పించుకుంది. అన్నిటికన్నా పెద్ద నియమం, ఫోను ఎత్తకూడదు. ఎత్తితే డ్రైవరు డబ్బులు పోతాయి. డ్రైవరు డబ్బులు పోతే ఆ ఫోను మళ్లీ పిన్ని చేతికి రాదు.

తిరిగి మేం చేద్దామంటే కుదిరేది కాదు. అక్కణ్ణుంచి వచ్చే ఫోనుకి కొన్నిసార్లు నంబరే పడేది కాదు. కొన్నిసార్లు ఏదో మన దేశపు నంబరే పడేది, దానికి చేస్తే ఎవరూ పలికేవారు కాదు. దారి అటు నుంచి ఇటే గాని, ఇటు నుంచి అటు లేదు.

ఇది వినడానికి దరిద్రంగా ఉండొచ్చు. మాకు అలా ఉండేది కాదు. శుక్రవారం బాబాయి చెట్టెక్కేవాడు కాదు. ఇంట్లో సిగ్నల్ వచ్చేది కిటికీ గట్టు మీద ఒక్కచోటే. అక్కడ స్టీలు గ్లాసులో ఫోను నిలబెట్టి ఎదురుగా కూర్చునేవాడు. మోగేది. గ్లాసు గణగణమనేది. ఆగేది. బాబాయి మా అమ్మ వైపు తిరిగి, “బానే ఉందంట వదినా,” అనేవాడు, పిన్ని గంటసేపు కబుర్లు చెప్పినట్టు.

“కూరేం వండిందంట?” అని నేను అడిగేవాణ్ణి.

“నీ తలకాయ కూర.”

ఒక శుక్రవారం గ్లాసు మోగలేదు. ఆ మరుసటి శుక్రవారమూ మోగలేదు.

ఫోను తెర మీద సిగ్నల్ గీతలు లేవు. మా కోనసీమలో అదేమీ వార్త కాదు. నాలుగు పక్కలా కొబ్బరి తోటలు, టవరు ఎక్కడో అవతల. గాలి ఎటు వీస్తే గీతలు అటు పోయేవి. అందుకని బాబాయి తనకి చేతనైన పని చేశాడు. ఫోనుని నడుముకి కట్టుకుని చెట్టెక్కాడు. చెట్టు కొసన మొవ్వు దగ్గర కూర్చుని, చెయ్యెత్తి, ఫోనుని ఆకాశానికి చూపించాడు. “లేదురా,” అని పైనుంచి కేకేశాడు. మర్నాడు ఇంకా పొడుగు చెట్టు. ఏ ఊళ్లో దింపుకి వెళితే ఆ ఊళ్లో, మామిడికుదురు దాకా, చెట్టెక్కిన ప్రతిచోటా ఇదే పని. “కాయ దింపుతున్నావా, సిగ్నలు దింపుతున్నావా?” అని తోటల రైతులు ఎగతాళి చేశారు. రైతులు అనగా లేనిది నేనెందుకు ఊరుకుంటాను.

“బాబాయ్, ఇంకాస్త ఎక్కితే మస్కటే కనపడుద్ది. ఇంక ఫోనెందుకు, నోటితోనే కేకెయ్యి.”

నవ్వలేదు. దిగి వచ్చి కాళ్లకున్న తాడు విప్పుకుంటూ, “గ్లాసులోకి వచ్చిన సిగ్నలు చెట్టు మీదికి ఎందుకు రాదురా?” అన్నాడు.

ఇద్దరం అమలాపురంలో ఆ కంపెనీ షోరూముకి వెళ్లాం.

గాజు తలుపు మీద అదే తెల్లబట్టల కుటుంబం నవ్వుతోంది. లోపల ఏసీ. బాబాయి చెప్పులు బయట విప్పి వచ్చాడు. టై కట్టుకున్న ఒక కుర్రాడు నంబరు కంప్యూటర్లో కొట్టి చూసి, “ఇది డీయాక్టివేట్ అయిందండి,” అన్నాడు.

“అంటే ఏంటండి?” అన్నాడు బాబాయి.

“కట్ అయిందండి. మీరు వాడలేదు కదండి.”

“వాడకపోవడవేంటండి. ప్రతి వారం మోగుద్దండి.”

“మోగితే వాడినట్టు కాదండి. రీఛార్జి లేదు, ఒక్క అవుట్‌గోయింగ్ లేదు. సిస్టమ్‌లో వాడకం సున్నా అని చూపిస్తోందండి.”

“జీవితాంతం అన్నారు కదండి,” అన్నాను నేను.

“షరతులు వర్తిస్తాయండి.”

షరతులు కవరు వెనకాలే ఉన్నాయి. చీమ తలకాయంత ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్నాయి. బాబాయి తెలుగే కూడబలుక్కుని చదువుతాడు, అదీ సినిమా పోస్టరంత ఉంటే. ముందుగా చెప్పాలి కదా అంటే, మెసేజ్ పంపించామండి అన్నాడు ఆ కుర్రాడు. అప్పుడు నేను బాబాయి ఫోనులో మెసేజ్‌ల పెట్టె తెరిచాను. నిండిపోయి ఉంది. మీ కాలర్ ట్యూన్ మార్చుకోండి. మీ జాతకం తెలుసుకోండి. మీ ప్రేమ ఎంత శాతమో తెలుసుకోండి. క్రికెట్ స్కోరు. మళ్లీ జాతకం. వాళ్లు పంపిన చెత్తతో పెట్టె నిండింది, వాళ్లే పంపిన హెచ్చరికకి అందులో చోటు దొరకలేదు. జాతకాలు అన్నిసార్లు పంపినవాళ్లు, మీ నంబరుకి మరణయోగం ఉంది అని ఒక్కసారి తెలుగులో చెప్పి ఉంటే సరిపోయేది.

“దీని మీద ఫిర్యాదు ఎక్కడివ్వాలండి?”

“ఆ నంబరు నుంచే కస్టమర్ కేర్‌కి చెయ్యండి.”

“ఏ నంబరు నుంచండి?”

“మీ నంబరు నుంచేనండి. ఇప్పుడు కట్ అయిన నంబరు.”

ఆ మాట తనకే ఎలా వినిపించిందో ఏమో, ఆ కుర్రాడు కంప్యూటర్లోకి చూడటం మొదలుపెట్టాడు. మర్యాదకి మాత్రం ఎక్కడా లోటు లేదు. మా వైపు మనిషిని ముంచేటప్పుడు కూడా చివర అండి తగిలించి ముంచుతారు.

బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ బాబాయి, “వాడలేదంటాడేంట్రా,” అన్నాడు. “చూసి చూసి దాని తెర అరగదీసేను గదా.”

ఆ మాట నాకు ఇప్పటికీ మండుతూనే ఉంది. ఒక మనిషి వారమంతా ఆ ఒక్క మోత కోసం బతికితే అది వాడకం కాదు. ఎవడో సినిమా హాల్లో కూర్చుని పాప్‌కార్న్ గురించి పావుగంట మాట్లాడితే అది వాడకం. జేబులోంచి డబ్బు జారితేనే ఫోను మోగినట్టు, లేకపోతే అది గాలికి ఊగిన గంట. అయినా మాకే వల వేసి, మాకే అమ్మి, మేం మాలాగా వాడుకున్నందుకు మమ్మల్నే లేనివాళ్ల కింద కొట్టేశారు.

కొత్త సిమ్ కొన్నాం. దానికి కొత్త నంబరు. ఆ నంబరు రాజోలులో అందరికీ తెలుసు, మస్కట్‌లో తెలియాల్సిన ఒక్క మనిషికి తప్ప.

ఏజెంటుని అడిగాం. రాజోలులో మేడ, ముందు వరండా, గోడ మీద విమానం బొమ్మ. “నిన్ననే మాట్లాడేనండి. రాణిలా ఉంది,” అన్నాడు. ఆ ఇంటి నంబరివ్వమంటే, “అస్తమానం చేస్తే ఆళ్లకి కోపాలొస్తాయండి. మళ్లీ ఆవిడకే కష్టం,” అన్నాడు. ఒకసారి నువ్వే కలిపి మాట్లాడించమంటే లైను కలవడం లేదన్నాడు. నిన్న కలిసిన లైను మేం వెళ్లిన ప్రతిసారీ కలవకుండా పోయేది.

చదువుకున్నవాణ్ణి కాబట్టి నేను ఇంటర్నెట్ మీద పడ్డాను. అమలాపురంలో ఒక నెట్ సెంటరు ఉండేది. ప్లైవుడ్ గదులు, అక్షరాలు చెరిగిపోయిన కీబోర్డులు, అద్దం మీద ‘ప్రపంచం మీ వేలికొసన’ అని రంగు కాగితంతో అతికించిన మాట. పిన్ని పేరు, పక్కన మస్కట్ అని కొట్టాను. ఆ పేరుతో ఒక పచ్చళ్ల కంపెనీ దొరికింది. అక్కడి మన రాయబార కార్యాలయానికి ఇంగ్లీషులో ఒక ఈమెయిలు రాశాను. డిక్షనరీ పక్కన పెట్టుకుని మరీ రాశాను. పంపిన క్షణంలో జవాబొచ్చింది, మీ ఉత్తరం అందింది, సంప్రదించినందుకు ధన్యవాదాలు అని. అంత తొందరగా చదివేశారా అని మురిసిపోయి బాబాయికి అచ్చు తీయించి చూపించాను. మనుషులు చదవకుండానే ధన్యవాదాలు చెప్పే యంత్రాలు ఉంటాయని నాకు అప్పటికి తెలియదు. ఆ తర్వాత ఇంకే జవాబూ రాలేదు.

పిన్ని ఒప్పందం ఆ వేసవితో అయిపోవాలి. వేసవి వెళ్లింది, తొలకరి పడింది. పిన్ని రాలేదు. ఒకటంటే క్షేమం, రెండంటే కష్టం. ఏమీ మోగకపోతే ఏమిటన్నది మేం ముందుగా అనుకోలేదు. మళ్లీ ఏజెంటు దగ్గరికి వెళితే, “ఆవిడే ఇంకో రెండేళ్లు ఉంటానందండి,” అన్నాడు.

ఇంటి దగ్గర సైకిలు దిగాక బాబాయి, “నాతో అనకుండా ఉంటానందా?” అన్నాడు. నన్ను అడగలేదు. స్లాబుని అడిగాడు.

కొత్త సిమ్ వేసిన ఫోను నా దగ్గర పెట్టుకుని నేను పాత నంబరుకి చేస్తూనే ఉన్నాను. ఒక ఆడగొంతు మూడు భాషల్లో, ఈ నంబరు వాడుకలో లేదని చెప్పేది. ఎన్నిసార్లు చెప్పినా విసుక్కోని ఆ గొంతంటే నాకు అసహ్యం పుట్టి, కొన్ని వారాలు చేయడం మానేశాను. ఒకరోజు కాలేజీకి వెళ్లే బస్సులో మళ్లీ చేస్తే, మోగింది. మోగగానే నా బొటనవేలు కట్ చేసేసింది. దాని పెంపకం అలాంటిది.

అటు నుంచి మిస్డ్ కాల్ వచ్చింది. మాట్లాడేంత బాలన్స్ నా దగ్గర లేదు, నేనూ మిస్డ్ కాల్ ఇచ్చాను. అటు నుంచి ఇంకోటి. రెండు పేద ఫోన్లు ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి, మాట్లాడే స్తోమతు రెండిటికీ లేదు. అమలాపురంలో దిగి రూపాయి కాయిన్ బాక్సు దగ్గరికి పరుగెత్తాను.

“ఎవరండీ?” అంది ఒకావిడ.

“ఈ నంబరు ఇదివరకు మాదండి.”

“మేం షాపులో కొన్నావండి బాబూ. బిల్లు కూడా ఉంది.”

“అది కాదమ్మా. శుక్రవారం మధ్యాహ్నం మీకు ఏవన్నా మిస్డ్ కాల్ వస్తోందా?”

“ఆయ్, వస్తాదండి. ఫోను కొన్నకాడ్నించీ. మీవోళ్లేనా?”

“మీరు ఎత్తేరా అమ్మా?”

“అయ్యో, ఎందుకెత్తుతానండి, మాకు తెలీదా. ఎవరో పాపం ఇంటికి కబురు చెప్పుకుంటున్నారు. ఎత్తితే ఆళ్ల డబ్బులు పోవా?”

“ఒకసారి మోగుద్దా, రెండుసార్లా?”

“రెండండి. ఎప్పుడూ రెండే. మా ఆయన చేపల వేటకెళ్లి రేవులో దిగేక రెండిస్తాడండి, బయల్దేరేనని. ఈవిడెవరో వారం వారం బయల్దేరుతున్నారు, ఇంకా చేరట్లేదేంటా అనుకుంటన్నాను.”

రూపాయి అయిపోయింది. బాక్సు కీచుమని కట్ అయింది.

రెండు. ఇన్ని వారాలుగా రెండు. నేను ఆ కాయిన్ బాక్సు పక్కన నిలబడి ఎవరిని తిట్టాలో వెతుక్కున్నాను. ఆ నంబరు ఏ డబ్బున్న మొరటువాడి చేతిలోనో పడి ఉంటే, మొదటి శుక్రవారమే ఎత్తి, ఎవరే నువ్వని అరిచేవాడు. నంబరు చేతులు మారిందని పిన్నికి ఆ రోజే తెలిసేది. అది మర్యాదస్తురాలి చేతిలో పడింది. మాలాగే పెరిగిన మనిషి, ఎదుటివాళ్ల డబ్బు తన డబ్బులా చూసుకునే మనిషి. అందుకే ఎత్తలేదు. కంపెనీ మమ్మల్ని ఒక్కసారే దెబ్బ కొట్టింది, ఆ తర్వాత మా మంచితనమే కొడుతూ పోయింది.

ఇంకో రూపాయి వేసి, ఆవిడ ఊరు కనుక్కున్నాను. ఐ.పోలవరం అవతల, కాలువ గట్టు మీద. ఈసారి నేనే ఎత్తి మీ నంబరు చెబుతానండి అంది. బాబాయి వద్దన్నాడు. పరాయి గొంతు వినపడితే పిన్ని ఉలిక్కిపడి పెట్టేస్తుంది, మళ్లీ చేయదు అన్నాడు. శుక్రవారం ఇద్దరం బస్సెక్కి, ఆటో మారి వెళ్లాం.

వాళ్లింట్లో సిగ్నల్ వచ్చేది పెరట్లో దండెం మీద. ఫోను పాలిథిన్ సంచిలో, బట్టల క్లిప్పుతో వేలాడుతోంది. పక్కన వల, ఒక లంగా ఆరుతున్నాయి. ఆవిడ ఆ లంగాని దండెం మీంచి తీసి లోపల పెట్టింది, చుట్టాలొచ్చారని. టీ ఇచ్చింది. బాబాయి దండెం కింద పీట వేసుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు.

మోగింది. బాబాయి లేచి నిలబడ్డాడు. మోగుతూనే ఉంది. ఆగిపోయింది.

“ఎత్తరేంటండి అన్నయ్యగారూ?” అంది ఆవిడ.

“చెయ్యి రాలేదమ్మా.”

మళ్లీ మోగింది. ఈసారి సంచి చింపి నొక్కాడు. “ఏవే,” అన్నాడు. కట్ అయింది. పిన్ని పెట్టేసింది. ఎత్తారు కదా, డబ్బులు పోతాయి.

ముగ్గురం ఆ ఫోను వైపు చూస్తూ నిలబడ్డాం. మా పిన్ని క్రమశిక్షణకి మిలిటరీలో పతకం ఇచ్చి ఉండేవారు. కానీ ఆ క్షణాన నాకు ఆ పతకం తీసుకెళ్లి కాలవలో పారేయాలనిపించింది. డ్రైవరు ఫోను వెనక్కి తీసుకుని ఉంటాడు. ఆ ఇంటివాళ్లు వచ్చేసి ఉంటారు.

“చేస్తాదండి. మీ గొంతు వినపడింది కదా,” అంది ఆవిడ.

చేసింది. ఆ ఫోను గొంతు పెద్దది, పెరడంతా వినపడింది. ఇన్నాళ్లకి పిన్ని అన్న మొదటి మాట, “ఎందుకెత్తేరు?”

“నువ్వెందుకు కట్ చేసేవు?”

“ఎత్తేరని,” అంది పిన్ని. “రెండిస్తన్నాను గదండి ఇన్ని వారాల్నించి. ఎవరూ కదల్లేదేంటండి?”

“మాకు మోగలేదే.”

“మోగింది, నేను విన్నాను. కొన్నాళ్లు ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఏదో చెప్పింది. తర్వాత మళ్లీ మోగింది. హమ్మయ్య, ఇంక వచ్చేస్తారనుకున్నాను.”

“ఇంకో రెండేళ్లు ఉంటానన్నావంట గదా.”

“ఎవరన్నారు? పాస్‌పోర్టు ఈళ్ల బీరువాలో ఉంది. ఇంటికెళ్తానంటే, ఇంకో మనిషిని పంపేదాకా నన్ను ఆపమని ఏజెంటే చెప్పేడంట. ఏవండీ, డ్రైవరు చూస్తన్నాడు, పెట్టేస్తన్నాను.”

పెట్టేసింది. బాబాయి ఫోనుని మళ్లీ క్లిప్పుకి తగిలించాలని చూశాడు. సంచి చిరిగిపోయి ఉంది. ఆవిడే దాన్ని బాబాయి చేతిలోంచి తీసుకుంది.

“ఇల్లు చేరితే మా లెక్కలో మూడండి,” అంది మేం ఆటో ఎక్కుతుంటే. “ఆవిడొచ్చేక ఇవ్వమనండి.”

మర్నాడు బాబాయి దింపు మధ్యలో దిగిపోయి నేరుగా ఏజెంటింటికి వెళ్లాడు. నేను వెనకాలే. వరండాలో నిలబడి, చాలా నెమ్మదిగా, “దాన్ని ఆపమన్నది మీరేనంటండి,” అన్నాడు. ఏజెంటు ‘రాణిలా ఉంది’ అన్న మాట ఎత్తబోయి సగంలో మింగాడు. “కూర్చోండి అన్నయ్యగారూ,” అన్నాడు. అప్పటిదాకా ఆ వరండాలో మాకు కుర్చీ పడలేదు. మస్కట్ లైను ఒక్క రింగుకే కలిసింది. ఇంకో మనిషి వచ్చేదాకా ఆపక్కర్లేదని, టికెట్టు కొని పంపేయమని మా ముందే మాట్లాడాడు.

వచ్చేటప్పుడు చెప్పాను, “బాబాయ్, నీ నడుముకి కత్తుంది.”

తడిమి చూసుకున్నాడు. కాయ కోసే కత్తి. “అయ్యో, చూసుకోలేదురా,” అన్నాడు. “భయపడ్డాడంటావా?”

ఇందులో నీతి ఏమిటని నన్ను అడగొద్దు. షోరూములో కంప్యూటరు ముందు, నెట్ సెంటరులో ఈమెయిలు ముందు పనిచేయని మర్యాద, మర్చిపోయి తెచ్చిన కత్తి ముందు పనిచేసింది. నాకు అది గెలుపులా అనిపించలేదు. కత్తి లేని రోజున వెళ్లిన మనిషి కూడా అదే మనిషి.

కొన్నాళ్లకి పిన్ని వచ్చింది. మనిషి సగమైంది. స్లాబు వైపు ఒకసారి చూసి, కిటికీ గట్టు మీది గ్లాసు తీసి, దాని అడుగున పట్టిన మచ్చ చూసి, “దీన్ని తోమరేంటండి?” అంది. బాబాయి సంతోషం పట్టలేక తోమడానికి బయల్దేరాడు.

సాయంత్రం పిన్ని కొత్త సిమ్ వేసిన ఫోను చేతిలోకి తీసుకుంది. “ఆ పోలవరం ఆవిడకి చెప్పాలిరా.”

“మాట్లాడు పిన్నీ. డబ్బులేయించాను.”

“మాట్లాడితే ఆవిడ పని మానుకుని నించోవాలి. చేరేనంటే ఎన్నన్నావు?”

“మూడు.”

మూడుసార్లు ఇచ్చింది. అటు ఎవరూ ఎత్తలేదు, ఎత్తరు కూడా. కాసేపటికి అటు నుంచి ఒక్కసారి మోగి ఆగింది. పిన్ని తలూపి ఫోనుని తోమిన గ్లాసులో పెట్టింది.

కంపెనీ సిస్టమ్‌లో ఆ రోజు మా ఇంట్లో గాని, ఆవిడింట్లో గాని ఎవరూ ఫోను వాడలేదు.